నూకరత్నం గారి మధ్యస్థమైన ఆనందం

నూకరత్నం గారికి గ్రైండరు మీద కోరిక పుట్టడం, గోనెసంచుల సంస్థకు వస్తువుల మీద విరక్తి పుట్టడం ఇంచుమించు ఒకే నెలలో జరిగాయి. ముందు పుట్టింది కోరికే. కానీ సర్కారు వారి విరక్తి ముందు సామాన్యుల కోరిక ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కాకినాడలో రేవుకు పోయే దారిలో ఉన్న ఆ సంస్థ పని ఒక్కటే. కోతలప్పుడు రైతులకు గోనెసంచులివ్వడం, ఆ తర్వాత వాటిని తిరిగి రాబట్టుకోవడం. నూకరత్నం గారు అందులో స్టోర్సు సూపరింటెండెంటు. గోదాము తాళాలు ఆవిడ నడుముకి ఎన్నేళ్ళుగా వేలాడుతున్నాయంటే, అవి చప్పుడు చెయ్యకపోతే ఆవిడ వచ్చినట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆఫీసులో ఒక మంచి ఆనవాయితీ ఉండేది. రిటైరయ్యేవాళ్ళని ఏం కావాలో అడిగి, అందరూ చందాలేసుకుని అదే కొనిచ్చేవారు. ఒకాయన మంచం అడిగాడు, ఒకావిడ ఇనప బీరువా అడిగింది, డ్రైవరొకడు గేదె పడ్డదూడని అడిగి తోలుకుపోయాడు. నూకరత్నం గారు వంచే గ్రైండరు అడగాలనుకున్నారు. రిటైరయ్యాక వీధిలో వాళ్ళకి ఇడ్లీ పిండి, అట్ల పిండి రుబ్బి అమ్మాలని ఆవిడ పథకం. ఇంట్లోనే బట్టలు కుట్టుకునే ఆవిడ భర్త సర్వేశం గారు అప్పటికే గ్రైండరుకి ముసుగు కూడా కుట్టేశారు.

ఇంతలో ఎం.డి. ప్రద్యుమ్నరావు గారు ఏదో కొండమీద జరిగిన శిక్షణకి వెళ్ళొచ్చారు. వస్తువులు దుమ్ము పట్టిపోతాయి, అనుభూతులు మాత్రం పట్టవు అని అక్కడెవరో చెప్పారట. ఆయన సూట్‌కేసు తిరుగు ప్రయాణంలో రైల్లో పోయిందనీ, వైరాగ్యం అసలు అక్కడ మొదలైందనీ గిట్టనివాళ్ళు అనేవారు. ఏదైతేనేం, వచ్చిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, వస్తువు నశించును, అనుభూతి నిలుచును. కావున ఇకమీదట సంస్థ తరఫున ఇచ్చు కానుకలన్నియు ప్రయాణ, భోజనాది అనుభూతుల రూపముననే ఉండవలెను. వస్తురూపమున కానుకలు ఇచ్చుట, పుచ్చుకొనుట, ఆశించుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును."

ఆశించుట అన్న మాట దగ్గర నూకరత్నం గారు కాసేపు ఆగారు. అయినా తనదాకా వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుని కాగితం మడిచేశారు.

అనుభూతుల విభాగం ఒకటి వెలిసింది. దానికి అధికారిగా, అంతవరకూ ఎలుకల నివారణ చూస్తున్న కోదండపాణి గారిని వేశారు. ఆయన ఆ మార్పుకి ఏమీ ఇబ్బంది పడలేదు. ఎలుకలూ అనుభూతులూ ఒక జాతేననీ, రెండూ కంటికి కనపడవనీ, జరగాల్సింది మాత్రం జరిగిపోతుందనీ అందరికీ చెప్పుకొచ్చారు.

దసరా వచ్చింది. ఏటా హమాలీలకి ఓ పంచె, ఓ మిఠాయి పొట్లం ఇచ్చేవారు. పంచె వస్తువు గనక తీసేశారు. మిఠాయి దగ్గర పెద్ద చర్చే నడిచింది. తింటే అనుభూతి, పట్టుకుపోతే వస్తువు అని తేల్చారు. అందుకని హమాలీలందర్నీ కాంటీన్లో వరసగా కూర్చోబెట్టి, ఆకుల్లో మిఠాయిలు వేసి, అక్కడే తినమన్నారు. మేస్త్రి గంగులు మనవరాలి కోసమని ఒక మైసూరుపాకు తలగుడ్డ మడతలో దోపుకున్నాడు. గేటు దగ్గర దొరికిపోయాడు. అనుభూతిని అక్రమముగా వస్తువుగా మార్చి ఆవరణ దాటించుటకు యత్నించినందున సంజాయిషీ చెప్పుకోమని మెమో వచ్చింది. గంగులు మెమో చదివించుకుని విన్నాడు. ఆ తర్వాత గేటు దగ్గరే నిలబడి, వాచ్‌మన్ చూస్తుండగా, మనవరాలి పేరు చెప్పుకుని ఆ మైసూరుపాకు తినేశాడు. ఆ వేళ నూకరత్నం గారు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు.

నవ్వడానికి ఆవిడకి మిగిలిన రోజులు కొద్దివే. రిటైర్మెంటు దగ్గరపడగానే కోదండపాణి గారు పిలిపించి, ఏమి అనుభూతి కావాలో సెలవివ్వమన్నారు. ఆవిడ దాపరికం లేకుండా గ్రైండరు కావాలన్నారు.

కోదండపాణి గారు జాలిగా చూశారు. "అమ్మా, మీరడుగుతున్నది గ్రైండరు కాదు. గ్రైండరు వల్ల మీకు కలగబోయే సంతోషం. మధ్యలో ఆ యంత్రం ఎందుకు? సంతోషం మేం నేరుగా ఇచ్చేస్తాం."

"మరి పిండండి?"

పిండి గురించి నియమావళిలో ఏమీ లేదని ఆయన విచారించి, దంపతులిద్దరికీ కొండమీది రిసార్టులో బస, ఏడు విడతల విందు మంజూరు చేశారు.

అంతటితో పోతే బాగుండును. ఆడిట్ వాళ్ళు ఒక ప్రశ్న వేశారు. గోడ గడియారం ఇస్తే గోడ మీద ఉందో లేదో చూసుకోవచ్చు, అనుభూతి లబ్ధిదారుకి ముట్టిందని రుజువేమిటి అని. ప్రశ్న న్యాయమైనదే అని ఎం.డి. గారు ఒప్పుకున్నారు. కాబట్టి కానుక పుచ్చుకునేవారి వెంట ఒక కమిటీ వెళ్ళి, అనుభూతిని స్వయంగా పరిశీలించి, ఆనంద ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం ఉంటేనే రిలీవింగ్ ఆర్డరు. అది లేనిదే ఎవరూ ఇంటికి వెళ్ళడానికి లేదు.

సర్వేశం గారికి సైకిలు తప్ప చక్రాలున్న బండి ఏదీ పడదు. కొండ మొదటి మలుపు దగ్గరే జీపు కిటికీ లోంచి తల బయట పెట్టేశారు. వెనక సీట్లో ఉన్న ఆడిట్ ఆయన, దీన్ని అనుభూతి కింద లెక్కవెయ్యొచ్చా అని అడిగారు. అనుభూతి అనుభూతే గానీ ఆనందం కాదేమోనని కోదండపాణి గారు సందేహించి, ధ్రువపత్రం గడిలో ప్రశ్నార్థకం పెట్టారు. మర్నాడు రిసార్టులో తెల్లారకుండానే తలుపు కొట్టి, దంపతులిద్దర్నీ దుప్పట్లతో సహా బయటికి తీసుకొచ్చి సూర్యోదయం చూపించారు. మబ్బుల్లో సూర్యుడు కనపడలేదు. కనపడకపోయినా కాగితం మీద ఉదయించాడు.

విందు సంగతి చెప్పాలంటే, పళ్ళాలు మాత్రం కల్యాణమండపం పళ్ళాలంత ఉన్నాయి. వాటి నడుమ తినేది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒకదాంట్లోంచి పొగ వస్తే సర్వేశం గారు ఊది ఆర్పేశారు. నాలుగో విడత అయ్యాక ఆయన వడ్డించే కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, అన్నం ఎప్పుడొస్తాదమ్మా?" అని మెల్లిగా అడిగారు. ఇందాక చెంచాలో వచ్చింది అన్నమేనని అతను చెప్పాడు. ఆ తర్వాత పెరుగు గోళీకాయంత ఉండలా గడ్డకట్టి, పుల్లకి గుచ్చుకుని వచ్చింది. సర్వేశం గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎదురుగా కమిటీ కలాలు పట్టుకుని కూర్చుంది. నవ్వుదామంటే నూకరత్నం గారికి నవ్వు రాలేదు.

గదికి వచ్చాక ఆవిడ సంచీలోంచి చేగోడీల డబ్బా తీశారు. మొగుడూ పెళ్ళాలు మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, వాటిని కరకర నములుతూ, ఆ పెరుగు గోళీ తలుచుకుని పడీపడీ నవ్వుకున్నారు. పెళ్ళయిన కొత్తలో నవ్వినట్టుంది. అయితే ఆ సమయానికి కమిటీ అక్కడ లేదు గనక అది లెక్కలోకి రాలేదు.

ధ్రువపత్రం మీద "ఆనందం: మధ్యస్థం" అని వచ్చింది. రిలీవ్ కావడానికి కనీసం "సంతృప్తికరం" ఉండాలి.

ఇక్కణ్ణుంచీ ఆవిడ బతుకు త్రిశంకు స్వర్గమయింది. వయసు ప్రకారం రిటైరయ్యారు గనక హాజరు పట్టీలో పేరు కొట్టేశారు. కుర్చీ వేరేవాళ్ళకిచ్చారు. కానీ తాళాలు అప్పగించబోతే ఎవరూ పుచ్చుకోలేదు. రిలీవింగ్ ఆర్డరు లేకుండా తాళాలు తీసుకోకూడదు, ఆనందం లేకుండా రిలీవింగ్ ఆర్డరు ఇవ్వకూడదు. రోజూ వచ్చి గోదాము ముందు ఓ స్టూలు వేసుకుని కూర్చునేవారు. పిండి ఎప్పుడు మొదలెడతారని వీధిలో ఆడవాళ్ళు అడిగితే, "నాకింకా ఆనందం రాలేదమ్మా," అని చెప్పేవారు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఆ తర్వాత సర్వేశం గారిని ఇంట్లో అంతా బాగానే ఉందా అని చాటుగా అడిగారు.

రెండోసారి సముద్రం ఒడ్డున విందు మంజూరైంది. ఈసారి తనని కానుకలోంచి తీసెయ్యమని సర్వేశం గారు దణ్ణం పెట్టారు. ఆవిడొక్కరే వెళ్ళారు, గట్టి నిర్ణయంతో. జీపు స్టార్టు చెయ్యకముందే నవ్వడం మొదలెట్టారు. సూపు రాగానే చప్పట్లు కొట్టారు. చేప ముక్క చూసి ఆనందబాష్పాలు రాల్చారు. చివర్లో వచ్చిన ఐస్‌క్రీముకి మంగళహారతి పాట కూడా పాడారు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు లేచి నిలబడ్డారు.

ఆడిట్ ఆయన కళ్ళజోడు సర్దుకుని, మంజూరైన దానికన్నా ఎక్కువ ఆనందం వాడుకున్నట్టు కనపడుతోందని అభ్యంతరం రాశారు. వాడుకున్న అదనాన్ని రాబట్టాలి. డబ్బయితే జీతంలో కోస్తారు. ఆనందాన్ని ఎలా కొయ్యడం? ఫైలు ఎం.డి. గారి దాకా వెళ్ళింది. అంతే పరిమాణంలో ఆనందానికి విరుద్ధమైన అనుభూతి ఇస్తే ఖాతా సరిపోతుందని ఆయన ఆలోచించి సెలవిచ్చారు. దాని ప్రకారం, అనుభూతి విధానం మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా జరిగే సమీక్షా సమావేశంలో నూకరత్నం గారు కూర్చోవాలి.

కూర్చున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి బాకీ తీరిపోయి ఎదురు తనకే రావాల్సి ఉందని ఆవిడకి అనిపించింది. నడుము లాగేస్తోంది. అప్పుడు ఎం.డి. గారు లేచి నిలబడి, అందరూ ఇన్నాళ్ళూ మరిచిపోయిన విషయాన్ని బయటపెట్టారు. "మనం కానుకల గురించి మాట్లాడుకుంటున్నాం. అసలు ఈ సంస్థ రైతుకి ఏటా ఇస్తున్నదేమిటి? గోనెసంచి. గోనెసంచి అంటే ఏమిటి?"

వస్తువు, అని కోదండపాణి గారు తలవంచుకుని ఒప్పుకున్నారు. సంస్థ మొత్తం దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు అందరూ బల్ల కేసి చూస్తున్నారు.

నూకరత్నం గారికి అప్పటికి ఓపిక అయిపోయింది. "రైతుకి సంచితో ఏం పనుందిలెండి," అన్నారు. "సంచి ఉందన్న ధీమా ఉంటే చాలదాండి?"

వెటకారంగానే అన్నారు. ఆ గదిలో వెటకారం తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఎం.డి. గారు చేతిలో కలం కింద పెట్టేశారు. ఇంతటి దార్శనికురాలు ఇన్నాళ్ళూ స్టోర్సులో ఎలా ఉండిపోయిందని ఆశ్చర్యపోయారు. సాయంత్రానికల్లా అది "ధీమా పథకం" అయింది. ఆవిడ దానికి గౌరవ సలహాదారు. పథకం పూర్తయ్యేవరకు రిలీవింగ్ వాయిదా. ఇంటికి నడుస్తూ ఆవిడ తన నోటిని తనే తిట్టుకున్నారు.

కోతలు మొదలయ్యాయి. గోదాము నిండా సంచులు కప్పు తాకుతున్నాయి. దాని ముందు షామియానాలు వేసి రైతులకి ధీమా పంచడం మొదలెట్టారు. ట్రాక్టర్లు కట్టుకొచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి, సంచి పుట్టుక మీద సినిమా వేశారు. జనుము వాసన పన్నీరులా చిలకరించారు. కావలసినవాళ్ళు ఒక సంచిని తాకి, కళ్ళు మూసుకోవచ్చు. ఆ తర్వాత పులిహోర పెట్టి, ఆనంద పత్రం మీద వేలిముద్ర వేయించుకుని పంపేశారు.

నూకరత్నం గారి తమ్ముడు సూర్రావుది గొల్లప్రోలు పక్కన చిన్న వ్యవసాయం. ధాన్యం రోడ్డు మీద రాశి పోసి ఉంది. సముద్రం వైపు మబ్బు కమ్ముకొస్తోంది. షామియానాలోంచి బయటపడి అక్క స్టూలు దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

"సంచులడిగితే సినిమా ఏసేరక్కా. వాన పడితే మొలకలెత్తిపోద్ది గింజ. ఈ ధీమా మాట అన్నోడు ఎవడో కనుక్కుని చెప్పు. ఆణ్ణి సంచిలో ఏసి మూతి కుట్టేత్తాను."

తలుపు సందులోంచి జనుము వాసన వస్తోంది. తమ్ముడి కాళ్ళకి ఇంకా కళ్ళంలో దుమ్ము ఉంది. తాను విసిరిన మాట తిరిగి తిరిగి వాడి ధాన్యం మీద పడబోతోందని ఆవిడకి తెలిసింది. లేచి చీర సర్దుకుని కోదండపాణి గారి గదికి వెళ్ళారు.

కొత్త అనుభూతి ఒకటి తోచిందని గౌరవ సలహాదారు హోదాలో చెప్పారు. సంచి మోసే అనుభూతి. రైతు సంచుల కట్ట భుజాన వేసుకుని ఇంటిదాకా నడవాలి. కోదండపాణి గారికి నచ్చింది. కానీ ఆవరణ దాటితే వస్తువైపోతుందని గంగులు కేసులో తామే తీర్పిచ్చామని గుర్తుచేశారు.

"ఆళ్ళు పట్టుకెళ్ళేది సంచేనండి," అన్నారావిడ. "మనం ఇచ్చేది మోతండి. సంచి మనం ఇవ్వట్లేదు."

ఆయన కళ్ళు మూసుకుని ఆ మాటని నాలుగువైపులా తడిమి చూశారు. ఎక్కడా కన్నం కనపడలేదు. ఆడిట్ ఆయనకి మాత్రం ఒక అనుమానం మిగిలింది. గోదాములో సంచులు తగ్గుతాయి కదా, ఎక్కడ చూపించాలి అని. అనుభూతులకి స్టాకు లెక్క ఉండదని ధీమా పథకం ఫైల్లో తమరే రాశారని నూకరత్నం గారు వినయంగా చెప్పారు. సంచులు తగ్గినట్టు మనకి అనిపిస్తే అదీ ఒక అనుభూతే అని కూడా కలిపారు. ఆడిట్ ఆయన చాలాసేపు ఆలోచించి, తగ్గినట్టు అనిపించకుండా ఉండేందుకు తాను గోదాము వైపు వెళ్ళనని మాటిచ్చారు.

ఆవిడ తాళం తీశారు. ఆ తాళం ఆవిడ చేతిలో ఉండిపోవడానికి కారణం మధ్యస్థమైన ఆనందమే గనక, ఆ పెరుగు గోళీకి మనసులో ఓ దణ్ణం పెట్టుకున్నారు. గంగులు మనుషులు కట్టలు కట్టలు విసురుతుంటే రైతులు ట్రాక్టర్ల మీదికి అందుకున్నారు. ఇంటిదాకా నడవాలన్న నియమం ఉంది గనక ట్రాక్టరుకి ముందొక మనిషి ఒక్క సంచి భుజాన వేసుకుని గేటు దాకా నడిచాడు. వాన దిగేసరికి చాలామటుకు ధాన్యం సంచుల్లోకి ఎక్కింది. ఒబ్బిడి కానిది కొంత తడిసింది, అది వేరే సంగతి.

వాన వెలిశాక సూర్రావు మళ్ళీ వచ్చాడు. ఆ ధీమా మాట అన్నది తనేనని నూకరత్నం గారు అప్పుడు చెప్పారు. వాడు అక్క వైపు పైనుంచి కిందిదాకా చూశాడు. "ఇప్పుడా చెప్పడం? సంచులన్నీ నిండిపోయేయి. నిన్నెయ్యడానికి ఒక్కటీ ఖాళీ లేదు," అన్నాడు. అయినా వెళ్ళేటప్పుడు ఆవిడ తల మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

ఇంత జరిగాక ఎం.డి. గారికి ఏమైందని అడుగుతారు. ఏమవుతుంది? ఏ ఒక్క రైతూ మిగలకుండా ఆనందం "సంపూర్ణం" అని రాసిన పత్రాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఇటువంటి విజయం మరే సంస్థలోనూ లేదని పైవాళ్ళు మెచ్చుకుని, ఆయన్ని ఆసుపత్రులకి మందులు కొనే సంస్థకి పెద్దగా పంపించారు.

వీడ్కోలు సభ పెట్టారు. నియమం ఎవరికైనా నియమమే. ఏడు విడతల విందు ఇద్దామని కోదండపాణి గారు అంటుండగా, హమాలీల తరఫున గంగులు లేచి చేతులు కట్టుకుని, దొరగారికి తామొక అనుభూతి ఇచ్చుకుంటామన్నాడు. ఇన్నేళ్ళు సంచుల సంస్థని ఏలిన దొరగారు, తాము లారీలో తెప్పించిన ధాన్యం సంచి ఒక్కటి అక్కణ్ణుంచి గోదాము దాకా మోస్తే చూడాలని తామందరికీ ఆశగా ఉందన్నాడు. ఎం.డి. గారు ఉప్పొంగిపోయారు. తన సిద్ధాంతం అట్టడుగు వరకూ ఇంకిందని చెప్పి, కోటు విప్పి కుర్చీకి తగిలించారు. ఫొటోలాయన సిద్ధమయ్యాడు. కమిటీ కలాలు తీసింది.

గంగులు స్వయంగా, ఎంతో పదిలంగా, పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు సంచిని ఎత్తి ఆయన వీపు మీదికి చేర్చాడు. ఎం.డి. గారు నవ్వుతూనే రెండడుగులు వేశారు. తర్వాతి అడుగులో నవ్వు సగం పోయింది. ఆ తర్వాత మెడ ముందుకు వచ్చింది, మోకాళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. లారీకీ గోదాముకీ నడుమ, ఎండలో, సంచితో సహా కూర్చుండిపోయారు. నోట్లోంచి "అమ్మా" అన్న మాట ఒక్కటే వచ్చింది. సర్క్యులర్లలో అంతవరకూ ఎన్నడూ వాడని మాట అది.

కోదండపాణి గారు ఆ గడిలో "సంపూర్ణం" అని రాసుకున్నారు.

"నీళ్ళు," అన్నారు ఎం.డి. గారు.

గంగులు వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "నీళ్ళాండి, నీళ్ళ అనుభూతాండి?"

వాడి మొహంలో వెటకారమేమీ కనపడలేదు. రూలు ప్రకారం ఏది ఇవ్వాలో తెలియక అడిగినట్టే ఉంది. పక్కన కోదండపాణి గారు అప్పుడే నియమావళి తిరగేస్తున్నారు. ఎం.డి. గారు ఆ ఇద్దరి వైపూ చూశారు, మెడ పూర్తిగా తిరగలేదు.

"నీళ్ళే గంగులూ," అన్నారు. "నీళ్ళే."

నూకరత్నం గారు చెంబు తెచ్చిచ్చారు. ఆయన చొక్కా మీద ఒలుకుతుంటే పట్టించుకోకుండా గటగటా తాగారు. ఆ క్షణాన ఆ మొహం ఎం.డి. మొహంలా లేదు, ఎండన పడి నడిచొచ్చిన ఎవరో ఒక మనిషి మొహంలా ఉంది. ఆవిడకి నిజంగానే జాలేసింది. జాలి జాలిగానే ఉంచుకుని, రెండో చేత్తో రిలీవింగ్ ఆర్డరు ముందుకు చాపారు. "ఇక్కడండి," అని వేలు పెట్టి చూపించారు. ఆయన ఏ స్థాయి ఆనందమో అడక్కుండా సంతకం పెట్టేశారు.

ఆవిడ నడుము నుంచి తాళాలు తీసి కోదండపాణి గారి చేతిలో పెట్టారు. ఆడిట్ ఆయన వెనకాలే పరిగెత్తుకొచ్చి, ఆవిడ పత్రంలో ఆనందం గడి ఇంకా తేలలేదనీ, ఇప్పుడు ఏమని రాయమంటారనీ అడిగారు.

"ఖాళీగా ఉంచండి బాబూ," అన్నారు నూకరత్నం గారు నడుస్తూనే. "ఇంటికెళ్ళి చూసుకుంటాను."